మా అమ్మను మళ్ళీ బాత్రూం దాకా నడిపించిన సంరక్షణ గృహం

మా అమ్మకు 82 ఏళ్ళు. గుంటూరు జిల్లాలో ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినిగా పనిచేసి పదవీ విరమణ చేసింది. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆమెను ఇంట్లో ఒక్కదాన్నే వదిలి ఉద్యోగానికి వెళ్ళడం నాకు సాధ్యం కాలేదు. గత పదకొండు నెలలుగా ఆమె హైదరాబాదు శివార్లలోని ఈ వృద్ధ సంరక్షణ గృహంలో ఉంటున్నది. ఇక్కడి భోజనం బాగుంటుంది, గదులకు గాలీ వెలుతురూ ఉన్నాయి, పూజగది ఉంది. వాటి గురించి ఇంతకన్నా రాయను. ఆశ్రమం చూడడానికి వచ్చే కుటుంబాలు అడగడానికి మొహమాటపడే విషయాలు రెండున్నాయి: ఇక్కడి పెద్దవారు మూత్రానికి ఎలా వెళుతున్నారు, రోజుకు ఎన్నిసార్లు తమ కాళ్ళ మీద లేచి నిలబడుతున్నారు. ఈ రెండూ నిజానికి ఒకటే విషయమని నాకు ఇక్కడికి వచ్చాకే తెలిసింది.

దీనికి ముందు మూడు నెలలు అమ్మ మరొక చోట ఉంది. ఆ చోటి పేరు రాయను. అక్కడివారు చెడ్డవారు కారు, వేళకు అన్నం పెట్టేవారు, మందులు తప్పించేవారు కారు. అయితే చేరిన మొదటి రాత్రే అమ్మకు డైపరు వేశారు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు ఆమెకు మూత్రం ఆపుకోలేని సమస్య లేదు, ఒకరు చెయ్యి పట్టుకుంటే వాకరుతో బాత్రూంకు వెళ్ళి వచ్చేది. పడిపోతారేమోనని రాత్రి పూటకే వేస్తున్నామన్నారు, వారం తిరిగేసరికి పగలు కూడా వేశారు. అమ్మ పిలిస్తే, "డైపరు ఉంది కదమ్మా, అందులోనే పోండి, తరువాత మారుస్తాం" అనేవారు. ముప్ఫయ్ ఏళ్ళు పిల్లలకు శుచీ శుభ్రతా నేర్పిన మనిషి ఆ మాట విని మొదట్లో ఏడ్చిందని తరువాత ఎప్పుడో చెప్పింది. రెండో నెలకు పిలవడం మానేసింది, మూడో నెలకు తడి తెలియడం కూడా తగ్గింది. తడుస్తుందన్న భయంతో మంచినీళ్ళు తాగడం తగ్గించింది, దానితో మలబద్ధకం మొదలయింది. నడుము కింద చర్మం ఎర్రబడి ఒరుసుకుపోయింది. వాకరు ఆ మూడు నెలలూ గది మూలన నిలబడే ఉంది.

ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని పది రోజులపాటు మంచం మీదే ఉంచి కొలిచిన ఒక అమెరికన్ అధ్యయనం 2007లో వెలువడింది. ఆ పది రోజుల్లోనే వారి కాళ్ళలో దాదాపు కిలో కండ తగ్గింది. మా అమ్మ ఆరోగ్యవంతురాలు కాదు, పడుకున్నది పది రోజులూ కాదు. మూడు నెలల తరువాత కుర్చీలోంచి లేవడానికే ఇద్దరు మనుషులు కావలసి వచ్చిందంటే అందులో ఆశ్చర్యం లేదు. లేవలేదు కనుక డైపరు తప్పదన్నారు, డైపరు ఉంది కనుక లేపవలసిన అవసరం లేదనుకున్నారు. ఆ చక్రంలోంచి ఆమెను బయటికి తీసింది ఈ గృహం, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చేరిన రోజున ఇక్కడి నర్సు, ఫిజియోథెరపిస్టు కలిసి దాదాపు గంటసేపు ప్రశ్నలు అడిగారు. రోజుకు ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగుతారు, విరేచనం చివరిసారి ఎప్పుడయింది, ఏ మాత్ర ఏ వేళకు వేసుకుంటారు, మూత్రానికి వెళ్ళాలని ముందుగా తెలుస్తుందా లేక తెలిసేలోపే తడుస్తుందా, దగ్గినప్పుడు జారుతుందా అని ఒక్కొక్కటే అడిగి రాసుకున్నారు. మూత్రం ఆపుకోలేకపోవడం ఒక లక్షణమే తప్ప దానంతట అదే ఒక రోగం కాదని, వయసు వచ్చింది కనుక అంతే అని సరిపెట్టుకుంటే అసలు కారణం దాగిపోతుందని ఆ నర్సుగారు చెప్పారు. మా అమ్మ విషయంలో ఒకటి కాదు, మూడు కారణాలు బయటపడ్డాయి. కాళ్ళ వాపుకు ఇచ్చే, మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే మాత్రను అంతకుముందు చోట రాత్రి ఎనిమిది గంటలకు ఇస్తుండేవారు. అయిదు రోజులుగా విరేచనం లేక నిండిన పేగు మూత్రాశయాన్ని ఒత్తుతున్నది. మూత్ర పరీక్షలో ఇన్ఫెక్షను కూడా ఉన్నట్టు తేలింది. వారానికి రెండుసార్లు వచ్చే డాక్టరుగారు ఇన్ఫెక్షనుకు మందు రాసి, ఆ మాత్రను ఉదయానికి మార్చి, విరేచనం సంగతి చూశారు. ఈ మూడు మార్పులకు పెద్దగా ఖర్చేమీ కాలేదు, అడిగి తెలుసుకునే ఓపిక ఉన్న మనిషి ఒకరు కావలసి వచ్చింది, అంతే.

తరువాత మూడు రోజులు పగటిపూట ప్రతి రెండు గంటలకూ అమ్మను పలకరించి, పొడిగా ఉందా తడిగా ఉందా చూసి, బాత్రూంకు వస్తారా అని అడిగి, తీసుకువెళ్ళి, ఫలితాన్ని ఒక నోటుబుక్కులో రాశారు. ఆ మూడు రోజుల పరీక్షలో, పిలిచినప్పుడు లేచి వెళ్ళి చాలాసార్లు కమోడ్ మీదే మూత్రం పోయగలిగినవారికి ఆ పద్ధతిని కొనసాగిస్తారు. ఇది ఈ గృహంవారు కనిపెట్టినది కాదు. 1980ల నుంచి అమెరికాలోని నర్సింగ్ హోముల్లో జాన్ ష్నెల్ అనే పరిశోధకుడూ ఆయన సహచరులూ నిలబెట్టిన పద్ధతి. పెద్దవారు అడిగేదాకా ఆగకుండా వేళకు మనమే వెళ్ళి అడగడం, వస్తామంటే సాయం చేయడం, పొడిగా ఉన్నందుకు ఒక మంచి మాట చెప్పడం, ఇంతే దాని సారం. 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఆ బృందం దీనికి వ్యాయామాన్ని జోడించింది. ఎటూ బాత్రూంకు లేపుతున్నాం కనుక ఆ లేపడంలోనే కుర్చీలోంచి ఎనిమిదిసార్ల దాకా లేచి కూర్చోవడం, కొంత దూరం నడవడం కలిపారు. పగటిపూట రెండు గంటలకొకసారి చొప్పున, వారానికి అయిదు రోజులు, ఎనిమిది నెలలు అలా చేసినప్పుడు ఆ వృద్ధుల బలం, నడక నిలబడ్డాయి లేదా మెరుగుపడ్డాయి, మామూలు సంరక్షణలో ఉన్నవారివి తగ్గుతూ పోయాయి. ఆ అధ్యయనంలోని మరొక అంకె నాకు ఇంకా ముఖ్యంగా తోస్తుంది. ఒక్కొక్కసారికి ఒక మనిషికి సగటున 20 నిమిషాలు పట్టింది. అంటే పగలు నాలుగుసార్లకు 80 నిమిషాలు. ఒక ఆయాకు ఆరుగురిని అప్పజెబితే ఈ పనికే ఎనిమిది గంటలు కావాలి, పది మందిని అప్పజెబితే రోజు చాలదు. డైపరు ఎందుకు అంత సులభంగా వస్తుందో, మంచి సంరక్షణ ఎందుకు ఖరీదైనదో ఈ చిన్న లెక్కలోనే ఉంది. ఇక్కడ పగటి షిఫ్టులో ఆరుగురికి ఒక ఆయా ఉన్నారు, ఆ ఆరుగురిలో కూడా ఈ పద్ధతిలో ఉన్నవారు ముగ్గురో నలుగురో. చేరేముందు నేను అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది.

మొదటి రెండు వారాలు తేలికగా గడవలేదు. "రమ్మంటే రావడానికి నాకేమైనా అలారం పెట్టారా" అని అమ్మ విసుక్కునేది. మూడు నెలలు ఎవరూ అడగని మనిషిని రెండు గంటలకొకసారి అడిగితే అది వేధింపులాగే తోచింది. మరొక చిక్కు కూడా వచ్చింది. పొడిగా ఉన్నందుకు మెచ్చుకోవాలన్నది పద్ధతిలో ఒక భాగం కదా. "శభాష్ అమ్మమ్మా, గుడ్" అని చప్పట్లు కొట్టిన ఒక కొత్త ఆయా మీద అమ్మకు ఎంత కోపం వచ్చిందంటే ఆ పూట భోజనం కూడా చేయలేదు. తనను ఒకటో తరగతి పిల్లను చేశారన్నది ఆమె బాధ. ఈ సంగతి నేను చెప్పగానే నర్సుగారు పద్ధతి మార్చారు. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన ఆయా ఒకామె అప్పటినుంచి అమ్మను "టీచరుగారూ" అని పిలవడం మొదలుపెట్టింది. నోటుబుక్కు తెచ్చి చూపి, "పొద్దుటి నుంచి మూడుసార్లూ పొడిగానే ఉందండీ, మీరే చూడండి" అనేది. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీని హాజరుపట్టీ చూసినట్టు చూసేది. చప్పట్లకు నొచ్చుకున్న మనిషి ఆ పేజీని చూసి తృప్తిపడింది. మెచ్చుకోలు ఏ రూపంలో ఇస్తే ఆ మనిషి గౌరవం నిలుస్తుందో కనిపెట్టగలగడం శిక్షణ కాగితాల్లో ఉండదు. అది ఇక్కడి సిబ్బందిలో ఉంది.

అమ్మ గది నుంచి బాత్రూంకు 14 అడుగులు. మొదటి నెలలో ఆ 14 అడుగులే ఆమె నడక. లేచేముందు కుర్చీ చేతుల మీద బరువు మోపి రెండుసార్లు లేచి కూర్చోమనేవారు, తరువాత అది అయిదుసార్లయింది. రెండో నెల నుంచి తిరిగి వచ్చేటప్పుడు దగ్గర దారిన కాకుండా వరండా చివర వేపచెట్టు కనిపించే కిటికీ దాకా వెళ్ళి రావడం మొదలుపెట్టారు. వ్యాయామం చేద్దాం రమ్మంటే ఏదో ఒక సాకు చెప్పే అమ్మ, బాత్రూంకు వెళ్ళి అటునుంచి అటు కిటికీ దాకా వెళ్ళడానికి ఏనాడూ అభ్యంతరం చెప్పలేదు. నెలకొకసారి ఫిజియోథెరపిస్టు ఒక పరీక్ష చేస్తారు. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూస్తారు. 12 సెకన్లు, అంతకు మించి పడితే పడిపోయే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అమ్మకు మొదటిసారి 41 సెకన్లు పట్టింది, నాలుగో నెలలో 27, పోయిన నెల 20. ఇప్పటికీ వాకరు ఉంది, ఇప్పటికీ ప్రమాదం పోలేదు. కానీ ఇద్దరు ఎత్తితే తప్ప లేవని మనిషి ఇప్పుడు తనంతట తాను లేస్తుంది. మొదటి వారంలో పగలు ఏడుసార్లు చూస్తే అయిదుసార్లు తడిగా ఉండేది. ఇప్పుడు రోజుకు ఒకసారి, కొన్ని రోజుల్లో అదీ లేదు. పగలు డైపరు తీసేసి ఏడు నెలలయింది.

పైకి కనిపించని పనులు కొన్ని ఈ ఫలితానికి తోడ్పడ్డాయి. మొదటిది బట్టలు. మన ఆడవారికి బాత్రూం దాకా చేరినా చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకోవడానికి ఒక చెయ్యి, కమ్మీ పట్టుకోవడానికి ఇంకొక చెయ్యి కావాలి, లోదుస్తుల సంగతికి మూడో చెయ్యి ఉండదు. పగలు నైటీ వేసుకోనని అమ్మ పంతం. అప్పుడు ఇక్కడివారు దర్జీని పిలిపించి లంగాలకు బొందు తీసి ఎలాస్టిక్ వేయించారు, పాదాలకు అడ్డుపడకుండా అంచు నాలుగు వేళ్ళు ఎత్తి కుట్టించారు, చీరలు నూలువే ఉంచమన్నారు. పక్క గదుల్లో మగవారికి పైజమా నాడా విషయంలోనూ ఇదే చేశారు. బొందు ముడి విప్పేలోపు తడిసిపోయిన మనిషిని మూత్రం ఆపుకోలేనివారి జాబితాలో రాయడం ఎంత అన్యాయమో ఆలోచించండి.

రెండోది బాత్రూం. మన బాత్రూముల్లో స్నానం, కమోడ్ ఒకేచోట ఉండి, ఉదయం స్నానాలయ్యాక నేల మధ్యాహ్నం దాకా తడిగా ఉంటుంది. జారతామన్న భయంతోనే చాలామంది పెద్దలు వెళ్ళడం వాయిదా వేస్తారు. ఇక్కడ స్నానాల గది వేరు, మరుగుదొడ్డి వేరు. కమోడ్‌కు రెండువైపులా కమ్మీలు ఉన్నాయి, తలుపు బయటికి తెరుచుకుంటుంది, ఆసనం ఎత్తు పెంచే అమరిక అవసరమైనవారికి ఇస్తారు. పాతకాలపు పద్ధతిలో గొంతుక్కూర్చోవడం అలవాటైనవారికి విరేచనం సులువుగా కావడానికి పాదాల కింద చిన్న పీట వేస్తారు. నీటి గొట్టం కారి నేల తడిసిన రోజులు లేకపోలేదు, ఆ విషయం నేను రెండుసార్లు చెప్పవలసి వచ్చింది.

మూడోది నీళ్ళు. తక్కువ తాగితే తక్కువ తడుస్తామని పెద్దవారు అనుకుంటారు, పిల్లలమూ అనుకుంటాం. మూత్రం చిక్కబడితే మూత్రాశయం మరింత చికాకు పడుతుందని, మలబద్ధకం దానికి తోడవుతుందని ఇక్కడ ఓపికగా చెప్పారు. బాత్రూంకు వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఒక అరగ్లాసు నీళ్ళో మజ్జిగో చేతికిస్తారు, సాయంత్రం ఏడు దాటాక తగ్గిస్తారు. అమ్మ కాఫీని మానిపించలేదు, రెండు పూటలకు పరిమితం చేసి రెండోది నాలుగు గంటలలోపు ఇస్తున్నారు. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారికి నీళ్ళ కొలత డాక్టరు చెప్పినదే.

ఈ పద్ధతి అందరికీ పనిచేస్తుందని ఈ గృహంవారు చెప్పలేదు, ఆ నిజాయితీ నాకు నచ్చింది. అమ్మ ఎదురుగదిలోని పెద్దాయనకు మతిమరుపు వ్యాధి బాగా ముదిరింది. మూడు రోజుల పరీక్షలో ఆయన ఒక్కసారి కూడా పిలుపును అందుకోలేకపోయారు, ఎత్తినప్పుడల్లా భయపడ్డారు. ఆయనకు వేళ ప్రకారం ప్యాడ్ మార్చి, చర్మానికి క్రీము రాసి, కుర్చీలో వరండాలో కూర్చోబెడతారు. అటువంటివారికి ప్యాడ్ ఇవ్వడం తప్పు కాదు. పరీక్షించకుండానే అందరికీ వేయడం తప్పు.

ఇక లోపాలు. అన్నింటికన్నా పెద్దది రాత్రి. పగలు ఇంత శ్రద్ధగా నడిచే ఈ గృహంలో రాత్రి 34 మందికి ఇద్దరే ఆయాలు, ఒక నర్సు. రాత్రి అమ్మకు ఇప్పటికీ ప్యాడ్ వేస్తారు. అందుకు నేను ఒప్పుకున్నాను, నిద్ర చెడగొట్టి రెండు గంటలకొకసారి లేపడం ఆమెకు మంచిది కాదు. కానీ అయిదో నెలలో ఒక రాత్రి ఆమెకు మెలకువ వచ్చి గంట నొక్కితే ఇరవై నిమిషాల పైన ఎవరూ రాలేదు. పగలు నేర్పిన అలవాటు వల్ల ప్యాడ్‌లో పోవడానికి మనసొప్పక తానే లేచి, మంచం పక్కన కూలబడింది. దెబ్బ తగలలేదు. మరునాడు నేను వెళ్ళేసరికి వారే విషయం చెప్పారు, దాచలేదు. మంచం పక్కన కమోడ్ కుర్చీ, కాలు కింద పెట్టగానే వెలిగే దీపం ఆ రోజే అమర్చారు. అయినా మనిషికి బదులు దీపం సరిపోదు. పెద్దవారు ఇలా మూత్రానికి తొందరపడి లేచిన వేళల్లో పడిపోవడం తరచుగా జరిగేదే కనుక, పగలు సాధించినదంతా ఒక్క రాత్రిలో పోయే ప్రమాదం ఉంది.

ఆదివారం ఫిజియోథెరపిస్టు ఉండరు, ఆయాలు కూడా తగ్గుతారు. నోటుబుక్కులో ఆదివారం గడులు ఖాళీగా ఉండడం నేను చాలాసార్లు చూశాను. ఆయాలు తరచుగా మారిపోతారు. పదకొండు నెలల్లో అమ్మను చూసుకున్నవారు నలుగురు మారారు, ప్రతి కొత్త మనిషికీ నేర్పేదాకా పది పన్నెండు రోజులు నడక తగ్గుతుంది. ఆ నోటుబుక్కులోని సంకేతాలు మొదట్లో ఇంగ్లీషులో ఉండేవి, రాసేవారిలో సగం మందికి అవి అర్థమయ్యేవి కావు. తెలుగులో పొడి, తడి, వెళ్ళారు, రానన్నారు అని నాలుగు మాటలు ముద్రించమని నేను అడిగితే మూడో నెలలో మార్చారు. నెలకు 42 వేల రూపాయలు తీసుకుంటారు, ఫిజియోథెరపీకి మరో నాలుగు వేలు విడిగా వేస్తారు. నడకే సంరక్షణలో ముఖ్యభాగమని చెప్పే సంస్థ దాన్ని విడి పద్దుగా చూపడం నాకు సమ్మతం కాదు. అంతకుముందు రోజుకు నాలుగు డైపర్లకు నెలకు దాదాపు అయిదు వేలు అయ్యేవి, ఇప్పుడు రాత్రి ప్యాడ్‌కు వెయ్యి రూపాయల పైచిలుకు. ఆ తేడాతో ఈ విడి పద్దు దాదాపు సరిపోతున్నదన్న మాట కూడా చెప్పాలి.

అమెరికాలో 1987లో వచ్చిన నర్సింగ్ హోముల సంస్కరణ చట్టం ప్రతి వృద్ధుడినీ అందుకోగల గరిష్ఠ శారీరక, మానసిక స్థితిలో ఉంచాలని సంస్థల మీద బాధ్యత పెట్టింది. మన 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం జిల్లాకొక వృద్ధాశ్రమం గురించి, 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు గురించి చెబుతుంది. చోటు దొరికిన తరువాత ఆ మనిషి లేచి నిలబడ్డాడా అన్నది కుటుంబమే అడిగి తెలుసుకోవాలి. మీరు ఏ ఆశ్రమం చూడడానికి వెళ్ళినా ఉదయం తొమ్మిదింటికి కాకుండా మధ్యాహ్నం మూడున్నరకు వెళ్ళండి. ఎందరు మంచాల మీద ఉన్నారో, ఎందరు కుర్చీల్లో ఉన్నారో లెక్కపెట్టండి. వాకరు మనిషి చేతికి అందే దూరంలో ఉందో, గోడకు చేర్చి ఉందో చూడండి. పగలు ఒక ఆయాకు ఎంత మంది, రాత్రి ఎంత మంది అని విడివిడిగా అడగండి. డైపరు ఎవరికి వేస్తారని అడిగినప్పుడు, అందరికీ వేస్తామన్న జవాబు గర్వంగా వస్తే అక్కడి నుంచి వచ్చేయండి.

గత నెల నా చెల్లెలి కూతురి ఓణీల వేడుకకు అమ్మను కారులో విజయవాడ తీసుకువెళ్ళాం. బయలుదేరే ముందు ఆయా ఆమె వేళలన్నీ ఒక కాగితం మీద రాసి నా చేతికిచ్చింది. దారిలో రెండుచోట్ల ఆగాం. వేడుకలో అమ్మ నాలుగు గంటలు కూర్చుంది, లేచి వెళ్ళి మనుమరాలి నెత్తిన అక్షింతలు వేసింది, తడి భయం లేకుండా రెండు గ్లాసుల మజ్జిగ తాగింది.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. మిగిలిన ఆ ఒక్కటీ రాత్రి షిఫ్టుకు సంబంధించినది. మూడో ఆయాను నియమిస్తామని యాజమాన్యం నాకు రాతపూర్వకంగా చెప్పింది, ఆమె వచ్చి పనిలో కుదురుకున్న రోజున ఈ సమీక్షను సవరిస్తాను.